బత్తియాతోను ఎక్కడ మొదలుపెట్టాలి: 1972తోనా, 1981తోనా?

సిసిలీలో పుట్టిన ఇటాలియన్ గాయకుడు, స్వరకర్త ఫ్రాంకో బత్తియాతో (1945–2021) పాటలు విందామనుకునేవారికి వచ్చే మొదటి చిక్కే ఇది. ‘ఫేతుస్’ (1972) ఆల్బమ్ పెట్టాలా, ‘లా వోచె దెల్ పద్రోనె’ (1981) ఆల్బమ్ పెట్టాలా?

సమయం: రెండూ అరగంట అటూ ఇటూ. ఇక్కడ తేడా లేదు.

శ్రమ: ‘ఫేతుస్’ గుండె చప్పుడుతో మొదలవుతుంది. వీసీఎస్3 అనే సింథసైజర్ (ఎలక్ట్రానిక్ వాద్యం) శబ్దాలు, మధ్యలో తెగిపోయే రాగాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోవాల్సిందే.
‘లా వోచె’లో ఏడే పాటలు. వయొలిన్ విద్వాంసుడు జూస్తో పియోతో కలిసి కట్టినవి. పని చేసుకుంటూ కూడా వినొచ్చు. ఇటలీలో పది లక్షల కాపీలు దాటిన మొదటి ఎల్పీ రికార్డు ఇదేనంటారు, ఊరికే కాదు.

రిస్కు: ‘ఫేతుస్’ నచ్చకపోతే ఆయన్నే వదిలేస్తారు. ‘లా వోచె’తో వేరే ప్రమాదం: మామూలు పాప్ అనుకుని ఊరుకోవడం. అందులోని ‘చెంత్రో ది గ్రావితా పెర్మనెంతె’ పాటకి కాలు ఆడుతుంటుంది, మాటల్లో మాత్రం చైనా మింగ్ చక్రవర్తుల కొలువులోకి వెళ్లడానికి బౌద్ధ భిక్షువుల వేషం కట్టిన జెసూట్ పాద్రీలు! ఈ అల్లరి నాకు ‘ఫేతుస్’ ప్రయోగాలకంటే సాహసంగా అనిపిస్తుంది.

ఇటాలియన్ రాదు, పాట కావాలి అంటే 1981. ప్రోగ్ రాక్ (ప్రయోగాలు చేసే రాక్ సంగీతం), ఎలక్ట్రానిక్ సంగీతం ముందే అలవాటుంటే 1972. రెండూ నచ్చినవాళ్లు 1978 నాటి పియానో రచన ‘లెజిత్తో ప్రిమా దెల్లె సబ్బియె’కి వెళ్లొచ్చు. దానికి మాత్రం ఓపిక దండిగా కావాలి.