డిబేట్ మెటీరియల్ పీడీఎఫ్‌లు కొనేముందు జర ఆగండి: సోర్సులు చూడకుండా పైసలు కొట్టకండి

పోటీల తేదీలు పడగానే నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. "అన్ని టాపిక్‌లు, అనుకూలం-ప్రతికూలం రెండూ, సోర్సులతో సహా రెడీ." ఫోన్‌పే కొట్టగానే ఫైలు వస్తుంది. చూడ్డానికి నీటుగా ఉంటుంది, ప్రతి పాయింటు కింద ఏదో ఒక రిపోర్టు పేరు ఉంటుంది. అసలు సంగతి స్టేజీ ఎక్కాకే బయటపడుతోంది. "ఈ లెక్క ఎక్కడిది?" అని అవతలి టీమ్ ఒక్కమాట అడిగితే పిల్లలు నీళ్లు నములుతున్నారు. ఆ రిపోర్టు అసలు లేదు, ఉన్నా అందులో ఆ మాట లేదు. పిల్లల కష్టం వృథా అవుతోంది కాబట్టే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

మన జిల్లాల టాపిక్‌ల దగ్గరే తప్పులు ఎక్కువ. కృష్ణా నీళ్ల షీటు చూడండి. "బచావత్ ట్రిబ్యునల్ తెలంగాణకు 299 టీఎంసీలు ఇచ్చింది" అని ఉంటుంది. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన ఆ ట్రిబ్యునల్ ఇచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు. ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అన్న పంపకం 2015లో రెండు రాష్ట్రాల మధ్య కుదిరిన తాత్కాలిక సర్దుబాటు. "ఇది తాత్కాలికం, అసలు వాటా ఇంకా తేలాలి" అనాల్సిన పిల్లవాడు "మాకు ట్రిబ్యునలే 299 ఇచ్చింది" అంటే తన పక్షాన్ని తానే ఓడించుకున్నట్టు.

ఫ్లోరైడ్ షీటు మరీ ఘోరం. 1937 నాటి తొలి పరిశోధన నల్గొండ మీద వచ్చిందని రాస్తున్నారు, అది నెల్లూరు జిల్లా మీద వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా భయం లేదని రాస్తున్నారు. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఆమోదించిన పరిమితి 1.0 మిల్లీగ్రామే. వేరే నీటి వనరు దొరకనప్పుడు మాత్రమే 1.5 దాకా అనుమతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే విలువ కూడా 1.5 కావడంతో రెండూ కలిపేస్తున్నారు. "నల్గొండ టెక్నిక్" గురించి రెండు లైన్లు రాసి వదిలేస్తారు. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఆ పద్ధతిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను మడ్డిగా అడుగుకు దించుతారు. పటిక ఎంత వేయాలన్నది ఆ ఊరి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది. అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో తలనొప్పి. ప్రతికూల పక్షానికి పనికొచ్చే గట్టి పాయింట్లు ఇవే, ఫైలులో లేనివీ ఇవే. మిషన్ భగీరథ నల్లా నీళ్ల లెక్కను బోరు నీళ్ల లెక్కతో కలిపి "జిల్లాలో ఫ్లోరైడ్ పోయింది" అని తేల్చేసే షీట్లూ ఉన్నాయి. సరఫరా చేసే నీళ్లు వేరు, భూమిలోని నీళ్లు వేరు. రెండిటికీ సోర్సులు కూడా వేరు.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచుతున్నది జిల్లా పేరు. 2016 అక్టోబర్ 11న నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, షాద్‌నగర్ వైపు రంగారెడ్డిలో కలిసింది. 2019లో నారాయణపేట కూడా వేరైంది. 2011 జనాభా లెక్కల్లోని 34.88 లక్షలు పాత ఉమ్మడి నల్గొండది. ఇప్పటి హద్దులకు అదే లెక్క సుమారు 16 లక్షలే. పాత జనాభా కింద కొత్త జిల్లా ఆసుపత్రుల సంఖ్య వేసి భాగహారం చేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఇక "2021 జనగణన ప్రకారం" అని కనిపిస్తే ఆ ఫైలు అక్కడే మూసేయండి. 2021లో జనగణన జరగనే లేదు.

కొనాల్సిందే అనుకుంటే ముందు శాంపిల్ అడగండి. అమ్మేవాళ్లు చూపించే టాపిక్ వద్దు, మీరు చెప్పిన టాపిక్‌కు సోర్సుల పేజీ పంపమనండి. అందులో డీఓఐ నంబర్ (పరిశోధన పేపరుకు ఇచ్చే గుర్తింపు నంబర్, 10తో మొదలవుతుంది) ఉంటే డీఓఐ డాట్ ఆర్గ్‌లో పెట్టి చూడండి. తెరుచుకుంటే సరిపోదు, పేపరు పేరు, రచయిత పేరు కలవాలి. నంబర్ నిజమైనదై, తెరిస్తే సంబంధం లేని పేపరు రావడం ఈ ఫైళ్లలో మామూలే. ఏఐతో రాయించి చూసుకోకుండా అమ్మితే ఇలాగే ఉంటుంది. డీఓఐ లేకపోతే పేపరు పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. ప్రభుత్వ రిపోర్టుకు సంవత్సరం, పేజీ నంబర్ లేకపోతే ఒప్పుకోకండి. పార్లమెంటు జవాబు అంటే సభ పేరు, ప్రశ్న నంబర్, తేదీ ఉండి తీరాలి. "ఒక అధ్యయనం ప్రకారం" అన్నది సోర్సు కాదు. పాలమూరు వలసల మీద తిరిగే లక్షల లెక్కలు చాలావరకు ఈ బాపతే: ఎవరు లెక్కపెట్టారు, ఏ సంవత్సరం, ఎన్ని నెలల వలసను వలస అన్నారు అని అడిగితే నిలబడవు.

నిజానికి ఇందులో కొనాల్సినంత ఏమీ లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఏటా తెచ్చే తెలంగాణ సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్ ఉచితం. పోషకాహారం, బాల్య వివాహాల టాపిక్‌లకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 జిల్లా ఫ్యాక్ట్ షీట్లు ఉన్నాయి. బోరు నీళ్లకు కేంద్ర భూగర్భ జల మండలి నివేదికలు, పార్లమెంటు ప్రశ్నలకు సన్సద్ డాట్ ఇన్, బిల్లుల సారాంశాలకు పీఆర్ఎస్ వెబ్‌సైటు, యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లకు శోధ్‌గంగ వెబ్‌సైటు. థీసిస్ మొత్తం చదవక్కర్లేదు, చివరి అధ్యాయం, పట్టికలు చాలు. వికీపీడియాను నేరుగా చెప్పొద్దు, కింద ఇచ్చిన లింకులు పట్టుకుని అసలు కాగితం దాకా వెళ్లాలి. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలే గానీ జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, పోటీ దగ్గర పడ్డాక ఆశ పెట్టుకోవద్దు.

నాలుగు నిమిషాల ప్రసంగానికి మూడు గట్టి ఆధారాలు చాలు. ఒక్కోదానికి ఒక చీటీ: చెప్పే మాట, సోర్సు పేరు, సంవత్సరం, పేజీ, ఆ లెక్క పాత జిల్లాదా కొత్తదా. ఆ పేజీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి.

ఇప్పటికే కొని మోసపోయినవాళ్లు చాట్ డిలీట్ చేయకండి. ప్రకటన మెసేజ్, యూపీఐ లావాదేవీ నంబర్, ఫైలు, అందులో దొరికిన దొంగ సోర్సుల స్క్రీన్‌షాట్లు ఒకచోట పెట్టి, ముందు రాతపూర్వకంగా రిఫండ్ అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. పైసలు తీసుకుని ఫైలే పంపకుండా బ్లాక్ చేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పోనీలే అని ఆ ఫైలును ఇంకో గ్రూపులో మాత్రం వేయకండి, అవే తప్పుడు లెక్కలు ఇంకో స్కూలు పిల్లల చేతికి పోతాయి.