చెవితో వర్డ్ వాడేవారికి: ఎన్‌వీడీఏతో ఏళ్ల వాడకం తర్వాత

మన ఫైలు మనమే రాసుకున్నంతసేపూ మైక్రోసాఫ్ట్ వర్డ్‌కీ, చూపులేనివారికి తెరమీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌కీ పొత్తు బాగానే కుదురుతుంది. కంట్రోల్ + ఆల్ట్ + 1 తో శీర్షిక పెట్టడం, ఎన్‌వీడీఏ + ఎఫ్7 తో శీర్షికల జాబితా తెరవడం, అన్నీ హాయిగా సాగుతాయి. ఇంకొకరు కంటితో చూసి తయారుచేసిన ఫైలు చేతికొచ్చినప్పుడే అసలు తంటా.

అన్నిటికన్నా మోసం చేసేది టెక్స్ట్ బాక్సు. అది పేరాల వరసలో ఉండదు, పేజీ మీద విడిగా తేలుతుంటుంది. కింది బాణంతో చదువుకుంటూ పోతే కర్సర్ దాన్ని దాటేస్తుంది. అక్కడొక పెట్టె ఉందన్న సంగతే చెవిన పడదు. దరఖాస్తు ఫారం ఏది వచ్చినా ముందు ఆల్ట్ + ఎఫ్10 నొక్కండి. సెలక్షన్ పేన్‌లో పెట్టెలు, బొమ్మలు పేర్లతో వినిపిస్తాయి.

2007లో వచ్చిన రిబ్బన్, అంటే విండో పైన ఉండే బటన్ల పట్టీ, ఇంకో తలనొప్పి. విండో ఇరుకైతే బటన్ల గుంపులు ఒక్క బటన్‌లోకి ముడుచుకుంటాయి, ఆల్ట్ తర్వాత నొక్కాల్సిన అక్షరాల వరస కూడా మారిపోతుంది. నిన్న పనిచేసిన దారి ఇవాళ ఎందుకు తప్పిందో చూపున్నవారికి చూడగానే తెలుస్తుంది, మనకు తెలియదు. విండోస్ + పై బాణంతో విండోను ఎప్పుడూ నిండుగా ఉంచుకోవాలి. సేవ్ చేయడానికి ఎఫ్12, తెరవడానికి కంట్రోల్ + ఎఫ్12 వాడితే ఫైల్ మెనూ పేజీలో తిరిగే బాధ తప్పుతుంది.

మెయిల్‌లో వచ్చిన ఫైలు సరిగ్గా చదవకపోతే అది ప్రొటెక్టెడ్ వ్యూలో, అంటే మార్పులకు వీల్లేకుండా తెరుచుకునే రక్షణ స్థితిలో, ఉందేమో చూడండి. పంపినవారు నమ్మకస్తులైతేనే, అందులోంచి బయటపడడానికి ఆల్ట్, ఎఫ్, ఐ, ఈ ఒకదాని తర్వాత ఒకటి నొక్కండి.

ఇలాంటి లోపం ఎన్‌వీడీఏలో ఉంటే ఎవరైనా కోడ్ తెరిచి సరిదిద్దవచ్చు. వర్డ్ లోపలిదైతే కంపెనీ దయ. అందుకే పొడుగాటి రాతలు నోట్‌ప్యాడ్‌లో రాసి, చివర్లోనే వర్డ్‌కి తెస్తే ప్రాణానికి సుఖం.

తెలుగువాళ్లకు అదనపు బాధ అను ఫాంట్లు. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే ఫైళ్లలో తెరమీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఎన్‌వీడీఏ ఆ గుర్తుల్నే చదివిపోతుంది, తప్పు దానిది కాదు. ఒక అక్షరం మీద నంబర్‌ప్యాడ్ 2 మూడుసార్లు గబగబా నొక్కితే దాని సంఖ్య చెబుతుంది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం యూనికోడ్. యూనికోడ్ తెలుగైతే ఆ సంఖ్య 3072, 3199 మధ్య ఉంటుంది. 'క' అయితే 3093. వేరే సంఖ్య వినబడితే ఫైలు వెనక్కి పంపి, యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మని అడగండి.