చర్చ వరకు చక్కగా, నిర్ణయం దగ్గర అసంపూర్ణంగా: ఒక ఫెసిలిటేషన్ శిక్షణపై సమీక్ష

బృందాలకు నాయకత్వం వహించేవారి కోసం ఒక శిక్షణ సంస్థ నిర్వహిస్తున్న ఫెసిలిటేషన్ (బృంద చర్చలను తటస్థంగా నడిపించడం) కోర్సుకు ఇటీవల హాజరయ్యాను. సొంత అభిప్రాయాన్ని రుద్దకుండా అందరి చేతా మాట్లాడించి, అందరూ కట్టుబడి ఉండే నిర్ణయానికి బృందాన్ని తీసుకురావడం ఎలాగో నేర్పుతామన్నది వారి హామీ. అందులో సగం నిలబెట్టుకున్నారు. తొలి పూట ఉపన్యాసాల గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు.

కోర్సు మొత్తానికి ప్రాణం నామినల్ గ్రూప్ పద్ధతిపై చేయించిన అభ్యాసం. పరిశోధకులు డెల్బెక్, వాన్ డి వెన్ 1971లో వివరించిన ఈ పద్ధతిలో ముందుగా ఎవరికి వారు మౌనంగా తమ ఆలోచనలను కాగితంపై రాసుకుంటారు. ఆ తర్వాత వరుసగా ఒక్కొక్కరు ఒక్కో అంశం చెబుతుంటే ఫెసిలిటేటర్ బోర్డు మీద రాస్తారు. సందేహాలు తీర్చుకున్నాకే ఓటింగ్ జరుగుతుంది. ఏ పనిని వాయిదా వేయాలన్న నమూనా చర్చలో ఒక సీనియర్ మేనేజర్ కల్పించుకుని "అంటే ఖర్చు తగ్గించాలంటున్నారు, అంతేగా" అన్నారు. శిక్షకురాలు మార్కర్ ఆపి, మాట్లాడుతున్న జూనియర్ వైపు తిరిగి, "మీరన్న మాటనే రాస్తాను, మళ్లీ చెప్పండి" అని అడిగారు. తీరా చూస్తే ఆ అమ్మాయి ప్రస్తావించింది ఖర్చు గురించి కాదు, ఆ పని తెలిసిన మనిషి జట్టులో ఒక్కరే ఉన్నారన్న సంగతి.

ఫెసిలిటేషన్ నిపుణుడు సామ్ కేనర్, ఆయన సహచరులు రూపొందించిన అంగీకార స్థాయిల కొలమానాన్ని కూడా బాగా నేర్పారు. అందరూ చేతులెత్తి ఆమోదించిన ప్రతిపాదనపైనే, 'మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను' మొదలుకొని 'అడ్డుకుంటాను' వరకు ఉన్న వరుసలో తామెక్కడున్నారో గుర్తు పెట్టమంటే, సగానికి పైగా మధ్యలోనే ఆగిపోయారు.

లోపమంతా ఆ తర్వాతి ఘట్టంలో ఉంది. ఏకాభిప్రాయాన్నీ, నెదర్లాండ్స్‌లో పారిశ్రామికవేత్త గెరార్డ్ ఎండెన్‌బర్గ్ తన సంస్థలో అమలు చేసిన సమ్మతి విధానాన్నీ ఒకే స్లయిడ్‌లో కలిపేశారు. మొదటిదానిలో అందరూ ఔననాలి. రెండోదానిలో కారణంతో కూడిన గట్టి అభ్యంతరం లేకపోతే చాలు. గడువు దగ్గరపడినా అభ్యంతరం తొలగకపోతే నిర్ణయం ఎవరిదని అడిగితే, చర్చ కొనసాగించమన్న సమాధానమే వచ్చింది. 'నిర్ణయం మీదే' అనో, 'మీ సలహా విని నేను నిర్ణయిస్తాను' అనో మేనేజర్ ముందే స్పష్టం చేయకపోతే, తర్వాతి సమావేశంలో జట్టు నోరు విప్పదు. జీతాల పెంపు చేతిలో ఉన్న మేనేజరే ఫెసిలిటేటర్‌గా కూర్చుంటే తటస్థత ఎంతవరకు సాధ్యమన్న ప్రశ్ననైతే అసలు ముట్టుకోనే లేదు. హాజరైనవారిలో ఎక్కువమంది అటువంటి మేనేజర్లే!

ఇతర జట్ల సమావేశాలు నడిపే బాధ్యత ఉన్నవారికి ఈ కోర్సును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. సొంత జట్టును నడిపించాల్సిన మేనేజర్లు మాత్రం, నిర్ణయాధికారంపై విడిగా ఒక సెషన్ చేర్చేదాకా ఆగడం మేలు.