నన్ను కాపాడిన ఆ పది సెకన్లు, అవే దాచిపెట్టిన జబ్బు

డీజే పనిలో పాట ఆగకపోవడం ఒక్కటే ముఖ్యం, మిగతావన్నీ దాని తర్వాతే. అందుకే నా ర్యాక్‌లోని, అంటే పరికరాలు బిగించుకునే పెట్టెలోని, జంట సీడీ ప్లేయర్ గురించి ఎవరైనా అడిగితే పాట వేగం మార్చే పిచ్ స్లైడర్‌తోనో, ఒక ముక్కనే తిప్పి తిప్పి వినిపించే లూప్‌తోనో మొదలుపెట్టను, దాని మెమొరీ గురించే చెబుతాను. డిస్కు చదవడం ఆగిపోయినా మరో పది సెకన్లు పాట నడిపించే ఆ చిప్పు మీద నాకున్న అభిమానం ఇన్నేళ్లలో బాగా పెరిగింది, తర్వాత కొంత తగ్గింది, ఇప్పుడు ఒక చోట కుదురుకుంది.

ఈ రకం యంత్రం ఎలా ఉంటుందో తెలియనివారు ఇది చదవరు కాబట్టి వర్ణనలు వదిలేస్తున్నాను. డిస్కులు చదివే డ్రైవులు రెండు కింద, మీటలూ ఒక్కో డ్రైవుకు చేత్తో తిప్పే చక్రమూ ఉన్న ప్యానెల్ పైన, మధ్యలో కేబుళ్లు, అంతే. నాది ఏ కంపెనీదో కూడా రాయడం లేదు. నేను చెప్పబోయే గుణాలూ రోగాలూ ఆ తరం యంత్రాల్లో చాలావాటికి ఉన్నవే, అన్నిటినీ ఒక్కరి నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

సీడీల కాలం అయిపోయిందని నాకు చెప్పేవాళ్లకు కొదవ లేదు. 2001లో పయనీర్ సీడీజే-1000 వచ్చి, రికార్డును తిప్పినట్టు సీడీని చేత్తో తిప్పే వీలు కలిగించాక క్లబ్బుల్లో ర్యాక్ ప్లేయర్ల వైపు చూసేవాళ్లు తగ్గారు. 2020లో అదే వరుసలో వచ్చిన సీడీజే-3000కి అసలు డిస్కు పెట్టే చోటే లేదు. అయినా సామాను మోసుకుంటూ వేడుకలకు పాటలు వేసేవాళ్లలో ఈ పాత జంట ప్లేయర్ల కోసం వెతికేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు. పాతదంటే మోజు వల్ల కాదు. బల్ల మీద పెట్టే ప్లేయర్లు రెండూ, మధ్యలో వాటి శబ్దాలు కలిపే మిక్సరూ పరిస్తే ఇక నీళ్ల సీసా పెట్టుకోవడానికి కూడా చోటుండదు. ర్యాక్ అయితే పెట్టె మూత తీసి, కరెంటు ఇచ్చి, రెండు తీగలు తగిలిస్తే సరి. విప్పడమూ అంతే. కార్యక్రమం అయిపోయి, హాలువాళ్లు దీపాలు ఆర్పుతూ మన వైపు గుర్రుగా చూస్తున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. పైగా నృత్య ప్రదర్శనలకు పాటలు డిస్కు మీదే తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ల్యాప్‌టాప్‌తో పనిచేసే నా మిత్రులు కూడా, అది అప్‌డేట్ అంటూ మొరాయించే రోజు కోసం ఇలాంటిది ఒకటి దగ్గర ఉంచుకుంటారు.

ఇక మెమొరీ సంగతి. సీడీలోని పాట అంటే సెకనుకు శబ్దాన్ని కొలిచిన 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్లు. వెరసి సెకనుకు 1,76,400 బైట్లు. పది సెకన్ల పాటను దాచాలంటే పదిహేడున్నర లక్షల బైట్లకు పైగా చోటు కావాలి. ఇప్పటి లెక్కల్లో అది ఫోనులో తీసిన ఒక ఫొటోకు కూడా సరిపోదు. కానీ ఈ యంత్రానికి ఆ కాస్త చోటే ప్రాణం. డ్రైవు డిస్కును అవసరమైన దానికంటే వేగంగా తిప్పి, పాటను ముందుగానే చదివి అక్కడ నింపిపెడుతుంది. మనం వినేది నేరుగా డిస్కు నుంచి రాదు, మెమొరీలోంచి వస్తుంది. వేదిక అదిరి లేజర్ దారి తప్పితే, అది మళ్లీ దారి వెతుక్కునేలోగా నిల్వ ఉన్నది వినిపిస్తూనే ఉంటుంది.

ప్లే నొక్కగానే పాట అందుకోవడం కూడా దీని పుణ్యమే. సీడీలో ఒక సెకనంటే 75 ఫ్రేములు. చక్రాన్ని ఒక్కో ఫ్రేము చొప్పున జరిపి, మొదటి దరువు ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ క్యూ, అంటే పాట అందుకోవాల్సిన గుర్తు, పెట్టుకుంటే ఆ ముక్క మెమొరీలో సిద్ధంగా కూర్చుంటుంది, వేలు ఆనగానే దరువు పడుతుంది. ఆ సుఖానికి అలవాటుపడిన చేతికి మౌస్‌తో క్లిక్ చేయడం రుచించదు.

నా యంత్రం తెర మీద ఈ మెమొరీ ఎంత నిండిందో చూపే చిన్న గీతల వరుస ఒకటి ఉంది. మామూలుగా దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను పట్టించుకున్న రోజు సంగతి చెబుతాను.

అది పిల్లల నృత్య ప్రదర్శన. చెక్క వేదిక, దాని మూల ఒక పొగ యంత్రం, పక్కనే నా బల్ల. పిల్లలకు నేర్పిన టీచర్ అనుభవజ్ఞురాలు, ప్రతి పాటకూ రెండు కాపీలు రాయించి తెచ్చారు. ఒకటి మొదటి డ్రైవులో నడుస్తోంది. రెండోది రెండో డ్రైవులో పాట మొదట్లోనే ఆగి ఉంది. పాట సగం దాటాక ఎందుకో తెర వైపు చూస్తే గీతలు తరుగుతున్నాయి. కింద డ్రైవు గరగరమంటూ అటూ ఇటూ వెతుకుతోంది. స్పీకర్లలో మాత్రం పాట ఏమీ ఎరగనట్టు సాగిపోతోంది.

మామూలు వేడుక అయితే వేరే పాట కలిపేసి గండం గట్టెక్కేవాణ్ని. నృత్యం మధ్యలో ఆ పప్పులు ఉడకవు. అదే పాట, అదే చోటు నుంచి, అదే లయలో అందాలి. తెర మీద సమయం 2:41. రెండో డ్రైవు చక్రాన్ని గబగబా తిప్పి 2:49కి పరిగెత్తించాను. అది అక్కడ కుదురుకుని క్యూ దీపం వెలిగేసరికి మొదటి దాంట్లో 2:46 అయింది. మూడే గీతలు మిగిలాయి. ఇక చేయగలిగింది అంకె మారేదాకా ప్లే మీద వేలు పెట్టుకుని చూడడమే. 2:49 పడడం, నేను నొక్కడం, శబ్దాన్ని ఒక డ్రైవు నుంచి మరోదానికి మార్చే ఫేడర్ దాటించడం ఒక్కసారే జరిగాయి. ఒక్క దరువు మాత్రం ఇద్దరు కలిసి కొట్టినట్టు కాస్త మందంగా వినిపించింది. పిల్లల అడుగు తప్పలేదు. మరో రెండు సెకన్లకు మొదటి డ్రైవు పూర్తిగా మూగబోయింది.

ఆ రాత్రి తర్వాత చాలాకాలం ఈ యంత్రాన్ని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పొగుడుతూ తిరిగాను. ఆ పొగడ్తలో అబద్ధమేమీ లేదు, కానీ అది సగం కథ.

ఆగిపోయిన డిస్కును తీరిగ్గా రెండో డ్రైవులో పెడితే మొదటి నుంచి చివరిదాకా ఒక్క తడబాటు లేకుండా నడిచింది. తప్పు డిస్కుది కాదన్నమాట. అప్పుడు మొదటి డ్రైవులో కొత్త డిస్కు వేసి ఆ గీతలనే చూస్తూ కూర్చున్నాను. నిండుతాయి, తరుగుతాయి, మళ్లీ నిండుతాయి. లేజర్ తప్పిపోతూ, తిరిగి చదువుతూ, మెమొరీ దగ్గర అప్పు చేసి బండి లాగిస్తోంది. ఒక్క రాత్రిలో వచ్చిన జబ్బు కాదది. డిస్కు పెట్టాక పాటల సంఖ్య తెర మీదికి రావడానికి ఆ డ్రైవు కొన్ని నెలలుగా ఎక్కువ సేపు తీసుకుంటూనే ఉంది. చెవికి తేడా లేకపోతే ఎవరు పట్టించుకుంటారు? మెమొరీ లేని పాత ప్లేయరైతే జబ్బు మొదలైన వారంలోనే పాట ఎగిరేది, పని లేని రోజు చూసి బాగు చేయించుకునేవాణ్ని. నన్ను ఒడ్డున పడేసిన చిప్పే ఆ జబ్బును అన్నాళ్లూ కప్పిపెట్టింది. ఇప్పుడు దాన్ని మెచ్చుకుంటాను, నమ్మను.

మూత విప్పితే లెన్సు మీద పల్చని మసక పొర. పొగ యంత్రాల్లో పోసేది నీళ్లలో కలిపిన గ్లైకాల్ గానీ గ్లిసరిన్ గానీ. ఆ తుంపర గాలిలో తేలి, ఎక్కడ వాలితే అక్కడ జిడ్డుగా పేరుకుంటుంది. నా పెట్టెలో ప్లేయర్ కిందే యాంప్లిఫయర్ ఉండేది. దాని ఫ్యాను బయటి గాలినంతా పెట్టెలోకి లాగేది, మొదటి డ్రైవు సరిగ్గా ఆ దారిలో ఉంది. చిన్న కుంచెలు అతికించిన శుభ్రపరిచే సీడీలు దుమ్ముకు సరిపోతాయి గానీ ఈ జిడ్డును ఏమీ చేయలేవు. కరెంటు తీగ పీకేసి, దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, బరువు వేయకుండా లెన్సు మీద ఒకసారి తిప్పి వదిలేయాలి. ఆ లెన్సు సన్నని తీగల ఆధారంతో వేలాడుతుంటుంది, గట్టిగా నొక్కితే ఇక అంతే సంగతులు. యంత్రం నడుస్తుండగా లోపలికి తొంగిచూడడం అసలు వద్దు. 780 నానోమీటర్ల ఆ లేజర్ కాంతి కంటికి దాదాపు కనిపించదు, కంటిని పాడుచేయడం మాత్రం దానికి చేతనవును.

తుడిచాక కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆ తర్వాత లేజర్ భాగాన్నే మార్చాల్సి వచ్చింది. ఇలాంటి కొత్త భాగాలు చాలావరకు ఒక చుక్క టంకంతో వస్తాయి, స్థిర విద్యుత్తు వల్ల లేజర్ పాడవకుండా. బిగించేటప్పుడు ఆ చుక్కను కరిగించి తీసేయకపోతే లేజర్ వెలగదు. మా మెకానిక్ దాన్ని చూడకుండా బిగించి, భాగమే చెడ్డదని తిప్పి పంపబోయాడు. అది వెనక్కి వెళ్లి ఉంటే అలాంటిది మళ్లీ దొరకడానికి ఎంతకాలం పట్టేదో. ఇప్పుడు యాంప్లిఫయర్‌ను వేరే పెట్టెలోకి మార్చాను. ఒకే పెట్టె అన్న సౌకర్యం పోయింది, మోతకు మనిషి ఇంకొకరు కావాలి.

ఇంకో గొప్ప కూడా చెప్పుకునేవాణ్ని, ఏ డిస్కు పెట్టినా మింగేస్తుందని. దుకాణంలో కొన్న సీడీల వరకు అది నిజం. వాటి ఉపరితలం కనీసం 70 శాతం కాంతిని వెనక్కి పంపాలని ప్రమాణం ఉంది. తిరిగి రాసుకునే రకం పంపేది 15 నుంచి 25 శాతమే, అలసిన లేజర్‌కు అది ఆనదు. కాగితం స్టిక్కరు అంటించిన డిస్కులు తిరిగేటప్పుడు ఒక పక్కకు తూగి డ్రైవును వణికిస్తాయి. ఇక, మెరిసే వైపు గీత పడితే కంగారుపడేవాళ్లు పేరు రాసే వైపును పట్టించుకోరు. సమాచారం ఉండేది ఆ పేరు కిందే, పల్చని పూత మాటున. అక్కడ లోతుగా గీత పడితే ఏ మెమొరీ కాపాడలేదు.

మిగతావన్నీ సర్దుకుపోదగినవే. ఒక పాట అవగానే ఆగి, తర్వాతి పాట మొదట్లో నిలబడే పద్ధతి ఉందే, ప్రదర్శనలకు అంతకంటే మంచిది నేను చూడలేదు. పిచ్ స్లైడర్ మధ్యలో కాస్త వదులైంది. ట్రే బెల్టు ఒకసారి సాగింది, మార్చాను.

మళ్లీ ఇలాంటిదే కొంటానా? నా పని తీరుకైతే కొంటాను. నావి ఎక్కువగా పాటల వరుస ముందే ఖాయమైన కార్యక్రమాలు, డిస్కులు బోలెడున్నాయి, చేతులకు ఇది అలవాటైపోయింది. జనం అప్పటికప్పుడు అడిగిన పాట వేయాల్సినవాళ్లకు డిస్కుల సంచి ఏ మూలకూ చాలదు, వాళ్లకు నేను చెప్పను. ఇప్పుడే పని నేర్చుకుంటున్నవాళ్లకైతే, విడిభాగాల కోసం తిరిగే ఓపిక ఉంటేనే.

పాతది కొనడానికి వెళ్తే మాత్రం పాట విని తృప్తిపడకండి. ఇంట్లో రాసిన, చివరిదాకా నిండిన డిస్కు ఒకటి పట్టుకెళ్లి చివరి పాటకు దూకించండి. సీడీని లోపలి నుంచి బయటికి చదువుతుంది, డిస్కు వంకర ఎంత ఉన్నా బయటి అంచు దగ్గరే బయటపడుతుంది. మెమొరీ గీతలు నిండి కదలకుండా నిలబడితే మంచిదే. ఊగుతుంటే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి. గీతలు చూపని మోడల్ అయితే శబ్దం తగ్గించి, ట్రే దగ్గర చెవి పెట్టి గరగర ఉందేమో వినండి. రెండు డ్రైవులనూ విడివిడిగా ఇలాగే చూడాలి. అమ్మేవాళ్లు పాట పెట్టి చూపించేది ఎప్పుడూ బాగున్న డ్రైవులోనే.