ఐదేళ్లు జేబులో మోసిన పర్సు, దాని మీది నగిషీ

ఈ మడత తోలు పర్సును 2020లో, గడప దాటడానికి వీల్లేని రోజుల్లో, నల్గొండలో మా ఇంటి వరండాలో కూర్చుని చేసుకున్నాను. అప్పటినుంచి రోజూ ప్యాంటు వెనక జేబులోనే ఉంది. కొన్న వస్తువును ఎంత కచ్చితంగా తూకం వేస్తామో, సొంతంగా చేసినదాన్నీ అంతే కచ్చితంగా వేయాలని ఇది రాస్తున్నాను. కుట్టు గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఒక్క పోగు ఊడలేదు. చెప్పాల్సింది పైన ఉన్న నగిషీ గురించి, అంతకన్నా ముందు కాగితం మీద నేను వేసుకున్న లెక్క గురించి. అందులో సగం నిలిచింది, సగం తప్పింది.

మొదట కొలతలు. ఇప్పటి ఐదువందల నోటు 150 మిల్లీమీటర్ల పొడవు, 66 వెడల్పు. ఏటీఎం కార్డు దాదాపు 86, 54. రెండు కార్డులు పక్కపక్కన పట్టాలి, మధ్యలో మడత రావాలి, చుట్టూ కుట్టుకు చోటుండాలి. అన్నీ కలిపితే పర్సు విప్పి పరిచినప్పుడు 21.5 సెంటీమీటర్ల పొడవు, 9 ఎత్తు తేలింది. పాత ఐదువందల నోటు ఎత్తు 73 మిల్లీమీటర్లు. ఆ నోట్ల కాలం నాటి నమూనా పట్టుకుని కోస్తే పర్సు జేబులోంచి తల బయట పెడుతుంది. లోపలి పొర పై పొరకన్నా ఐదారు మిల్లీమీటర్లు పొట్టిగా ఉండాలి, లేకపోతే మూసినప్పుడు లోపల ముడతలు పడతాయి.

ఇక నగిషీకి దక్కేది ఎంత? కుట్టు గీత అంచు నుంచి 3 మిల్లీమీటర్ల లోపల నడుస్తుంది, దాని పక్కన మరో నాలుగు వదలాలి. మడతకు అటొక సెంటీమీటరు, ఇటొక సెంటీమీటరు. చివరికి ఒక్కో సగంలో మిగిలేది నాలుగు అగ్గిపెట్టెలు పరిచినంత జాగా. ఈ సంగతి గ్రహించక మొదటి పర్సు మీద పానగల్లు ఛాయా సోమేశ్వరాలయ స్తంభాన్ని ఉన్నదున్నట్టు దించబోయాను. తోలు మీద కత్తితో పెట్టే రెండు గాట్ల మధ్య 2 మిల్లీమీటర్లయినా లేకపోతే, పక్కలు అణిచేటప్పుడు మధ్యలోని గోడ కూలిపోతుంది. స్తంభం కాస్తా కరిగిన కొవ్వొత్తిలా తయారైంది. ఆ రాతిపనివారికి నిలువెత్తు రాయి ఉంది, నాకున్నది అరచెయ్యి. పైగా బొమ్మను ఎడమ సగంలో వేశాను. పుస్తకాలకు అట్టలు వేసే పిల్లలకు కూడా తెలుసు, విప్పి బోర్లా పెడితే ముందు అట్ట కుడివైపు వస్తుందని. పర్సు మూశాక నా స్తంభం వెనక్కి పోయింది. ఒక రకంగా మంచిదే అయింది.

రెండోది ఇప్పుడు వాడుతున్నది. ఈసారి ఇంట్లో ఉన్న పాత తేలియా రుమాలును, అంటే నూనె పట్టించిన నూలుతో నేసిన గుడ్డను, ముందు పెట్టుకున్నాను. పుట్టపాక నేతలో గళ్లు, వజ్రాల్లాంటి ఆకారాలు ఎక్కువ కాబట్టి గళ్ల కాగితం మీద తేలిగ్గా దిగాయి. చిక్కు మరో చోట వచ్చింది. పోగులకు ముందే రంగు అద్ది నేసే ఇక్కత్ నేతలో రంగు అంచు కొంచెం చెదిరినట్టు ఉంటుంది, దాని అందమంతా ఆ చెదరడంలోనే ఉంది. తోలు మీద కత్తితో గాటు పెట్టి గీస్తే అదే ఆకారం గచ్చు పలకలా బిగుసుకుపోయింది. చిన్న ముక్క మీద చేసి చూస్తూ, విసుగొచ్చి కత్తి పక్కన పడేసి, చెంచా మొనలాంటి గుండ్రటి పనిముట్టుతో కేవలం నొక్కుతూ పోయాను. ఆకారం మెత్తగా, రుమాలు పోలికలతో వచ్చింది. లోపలి గళ్లన్నీ అలా నొక్కుడుతోనే చేశాను. చుట్టూ బోర్డరు, మడత మీదుగా రెండు సగాలను కలిపే ఒక పట్టీ మాత్రం కత్తి గాటుతో పెట్టాను.

మడత దగ్గర వదలాలని నేనే రాసుకుని, అక్కడే పట్టీ పెట్టడం ఏమిటి అంటే, చూడటానికి బాగుంటుందని. క్లాక్ టవర్ సెంటర్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు కాగితం చూపించినప్పుడు, "మడత మీద గాటు పెట్టకు బిడ్డా, రోజూ వంగే చోట తోలు చిట్లుతుంది" అన్నాడు. సరేనని తల ఊపి, ఇంటికొచ్చి పెట్టాను. మూడో ఏడు సరిగ్గా ఆ రెండు గాట్లే నోరు తెరిచాయి. అదే మడత మీదికి కొంచెం చొచ్చుకొచ్చిన నొక్కుడు గళ్లు మాత్రం మసకబారాయి తప్ప చిట్లలేదు. పక్కపక్కనే ఉండటంతో తేడా ఇంత స్పష్టంగా కనబడింది.

తోలు విషయంలో రాజీ పడకూడదు. క్రోమ్ లవణాలతో పదును చేసిన, అంటే కుళ్లకుండా శుద్ధి చేసిన, మెత్తని తోలు మీద ఎంత నొక్కినా అచ్చు నిలవదు. చెట్టు బెరడుతో పదును చేసినదే కావాలి. మన పొలాల గట్ల మీద పూసే తంగేడు బెరడు ఒకప్పుడు దక్షిణాదిలో ఈ పనికి పేరుపడ్డది. బతుకమ్మలో పేర్చే పువ్వు వెనక ఇంత మోటు పని ఉందని నాకు తోలు పట్టాకే తెలిసింది. పై పొరకు 1.4 మిల్లీమీటర్ల మందం తీసుకున్నాను. ఇంకా పలచనైతే నగిషీకి లోతు రాదు, ఇంకా మందమైతే పర్సు ఇటుక అవుతుంది.

తోలును తడిపి, రంగు మళ్లీ మామూలుకు తిరుగుతున్నప్పుడు పని మొదలుపెట్టాలి. మా ఎండల్లో ఆ అదను పది నిమిషాలు కూడా ఆగదు, ఏప్రిల్‌లో అయితే తెల్లవారుజామునే కూర్చోవాలి. తడి తోలు నొక్కుడుకు సాగుతుంది. మొదటి పర్సు 2 మిల్లీమీటర్లు పెరిగి లోపలి పొరతో కలవలేదు. రెండోదానికి వెనక వెడల్పు టేపు అంటించి, చుట్టూ సెంటీమీటరు ఎక్కువగా కోసి, నగిషీ అయ్యాకే అసలు కొలతకు కత్తిరించాను. తడిగా ఉన్నప్పుడు ఇనుప స్కేలు పెట్టి మరచిపోతే నీలి నలుపు మచ్చ పడింది. బెరడు పదునుకూ ఇనుముకూ పడదు. కలంకారీ నలుపు పుట్టేది కూడా కరక్కాయ, ఇనుము కలయికలోనే. నిమ్మరసం రాస్తే మచ్చ చాలావరకు పోయింది.

ఇప్పటి పరిస్థితి: ముందు సగంలో గళ్లు వేలికి ఇంకా తగులుతున్నాయి, రంగు తేనె నుంచి చింతపండుకు దిగింది. ఒంటివైపు ఉండే సగం చెమటకు నల్లబడి దాదాపు చదునైంది. దేవరకొండ దాకా బండి మీద తిరిగే ఉద్యోగం కదా, కూర్చున్నప్పుడల్లా నా బరువంతా దాని మీదే. ఆ సగంలో వారం రోజులు నేను పడ్డ శ్రమ వృథా. అక్కడ నాలుగు గీతల బోర్డరు చాలు. ఒకసారి కొబ్బరినూనె ఎక్కువ పట్టించడం కూడా నా తప్పే, అచ్చులు ఆ వారంలోనే మెత్తబడ్డాయి. అందరూ ఫోనుతో చెల్లిస్తున్న ఈ రోజుల్లో పర్సుకు ఇంత తాపత్రయమా అని ఇంట్లో నవ్వుతారు. బస్సులో కండక్టరుకు చిల్లర ఇచ్చేటప్పుడు మాత్రం పక్కవాళ్లు అడిగి చూస్తారు.

నొక్కుడు గళ్లకు అయిదుకు నాలుగున్నర, కత్తి గాట్లకు రెండు, మడత పట్టీకి సున్నా. ఇప్పుడు మేనల్లుడు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడలు కావాలంటున్నాడు. మామా, ఊడలు రెండు సగాల మీదా పాకాలి అని షరతు కూడా పెట్టాడు. గళ్ల కాగితం మీద మడత చోటును పెన్సిలుతో నల్లగా పూసి, బొమ్మ వేసి తెమ్మని వాడికే ఇచ్చాను.