ఉచితంగా వచ్చే చెవి మిషన్: ఐదేళ్లు వాడాక

వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద దొరికే, చెవి వెనక తగిలించుకునే డిజిటల్ మిషన్ గురించి ఇది. నెల ఆదాయం 22,500 రూపాయలు దాటకపోతే పూర్తిగా ఉచితం, 30,000 లోపైతే సగం ఖర్చు మనది. 40 శాతం వైకల్య ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ తప్పనిసరి. మూడేళ్లు నిండితే మళ్లీ అడగొచ్చు, పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఏడాది చాలు.

హైదరాబాద్‌లో ముందు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికో, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి లోపాల జాతీయ సంస్థ) కేంద్రానికో వెళ్లండి. పరీక్షకు ముందే గులిమి తీయించుకోవాలి. అది అడ్డుపడితే ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం) తప్పొస్తుంది, చెవి అచ్చూ (మన చెవి ఆకారానికి చేసి లోపల పెట్టుకునే ముక్క) సరిగా రాదు. ఆడియోగ్రామ్ జిరాక్స్ దాచుకోండి, ప్రతిసారీ అడుగుతారు.

మిషన్ బాగానే పనిచేస్తుంది. మూలన పడేది ఎక్కువగా అచ్చు వల్లే. డబ్బాలో వచ్చే రబ్బరు బుడిపెతో పెట్టుకుంటే శబ్దం చెవి పక్కల నుంచి బయటికి కారి, మైకులోకి దూరి కుయ్యిమంటుంది. ఆ గోల భరించలేక వాల్యూమ్ తగ్గిస్తారు, అప్పుడు మాట వినపడదు, నెలకల్లా మిషన్ బీరువాలోకి చేరుతుంది. క్యాంపులో తీసుకున్నవాళ్లకే ఇది ఎక్కువ. అందుకే సొంత చెవికి అచ్చు తీయమని పట్టుబట్టి అడగండి. అచ్చు కోసం చెవిలో పెట్టే ముద్ద గట్టిపడేదాకా దవడ కదపకూడదు.

కూత ఎక్కణ్ణుంచో తేల్చే పరీక్ష ఒకటుంది. మిషన్ ఆన్‌లో ఉంచి చెవిలోంచి తీసి, అచ్చు రంధ్రాన్ని వేలితో గట్టిగా మూయండి. కూత ఆగితే మిషన్, దాన్ని అచ్చుకు కలిపే ట్యూబు రెండూ బాగున్నట్టే. అచ్చు వదులైందో, చెవిలో గులిమి చేరిందో చూడాలి. ఆగకపోతే ట్యూబు చీలింది, లేదా మిషనే పాడైంది. ట్యూబు నాలుగైదు నెలలకు పసుపెక్కి బిరుసవుతుంది, అప్పుడు మార్పించాలి. ఎండాకాలం చెమటకు అందులో నీటి చుక్క నిలిచి మాట తెగితెగి వస్తుంది. అచ్చును ట్యూబుతో సహా మిషన్ హుక్కు (చెవి మీద తగిలే కొక్కెం) నుంచి విడదీసి రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. అచ్చును కడగొచ్చు కానీ మిషన్‌కు తడి తగలకూడదు.

సెల్లు మీద నీలం స్టిక్కరుంటే అది 675 సైజు, నారింజదైతే 13. ఇవి గాలి పీల్చుకుని పనిచేస్తాయి కాబట్టి, స్టిక్కరు తీశాక ఒకట్రెండు నిమిషాలు ఆగి మిషన్‌లో పెట్టి సెల్లు తలుపు మూయాలి. తీసిన స్టిక్కరు మళ్లీ అంటించినా సెల్లు మిగలదు. రాత్రి సెల్లు తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి. వానాకాలంలో ఇది మరీ అవసరం.

నెల తర్వాత ప్రోగ్రామింగ్ (మన వినికిడికి తగ్గట్టు మిషన్‌లో చేసే సెట్టింగు) సరిచేయించడానికి తప్పక వెళ్లాలి. "సరిగా వినపడట్లేదు" అని మాత్రమే అంటే ఆడియాలజిస్టుకు (వినికిడి నిపుణుడికి) ఏమీ తెలియదు. కుక్కర్ విజిల్ గుచ్చుతోందా, పిల్లల మాట అందట్లేదా, ఫోనులోనే ఇబ్బందా అని కాగితం మీద రాసి తీసుకెళ్లండి.