స్వయంభూనాథ్: తెల్లారకముందే తూర్పు మెట్లెక్కండి

కాఠ్మండు వెళ్లే మనవాళ్లు చాలామంది పశుపతినాథుణ్ణి దర్శించుకుని, అట్నుంచటే ముక్తినాథ్ దారి పడతారు. ఊరికి పడమట బౌద్ధ స్తూపం ఉన్న స్వయంభూ కొండకు మిగిలేది మిట్టమధ్యాహ్నం ఓ అరగంట. అదీ పడమటి వైపు పైదాకా వ్యానులో వెళ్లి, నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోవడం. అలా చూడకండి, దయచేసి.

మేం కాఠ్మండులో యాత్రికుల హోటళ్లుండే థమేల్‌లో దిగాం. తిండికి, తిరగడానికి అనువే గానీ రాత్రి పాటల మోత. వేడినీళ్లు ఎప్పుడూ ఉంటాయన్న హోటల్లో పొద్దున పంపు తిప్పితే చన్నీళ్లే. పెద్దవాళ్లుంటే లోపలి సందుల్లో గది చూసుకోండి. టాక్సీ ఎక్కకముందే డబ్బు మాట్లాడుకోండి.

తూర్పు మెట్లు 365. 17వ శతాబ్దంలో కాఠ్మండు రాజు ప్రతాప మల్లుడు కట్టించాడంటారు. మొదట తేలిగ్గానే ఉంటాయి, చివర్లో మాత్రం నిట్టనిలువు. మధ్యలో ఇనప కమ్మీ పట్టుకుని అమ్మ ఆగి ఆగి ఎక్కింది. అరటిపళ్ల సంచి చేత్తో పట్టుకోవద్దు. రెండో మలుపు దాటకుండానే మాది కోతి లాక్కుపోయింది. ఆఖరి మెట్టు మీద ఎదురుగా పెద్ద వజ్రాయుధం, దాని వెనక తెల్లని స్తూపం, నాలుగు వైపులా బుద్ధుడి కళ్లు. ముక్కులా కనిపించేది నేపాలీ ఒకటి అంకె. పక్కనున్న శిఖరం తరహా గుళ్లలో ఒకదాని పేరు అనంతపూర్ అనగానే అమ్మ మొహం వెలిగిపోయింది. ఆ గుడి 2015 భూకంపంలో కూలితే మళ్లీ కట్టారు.

నాకు మనసు నిలిచిపోయింది హారతి అమ్మవారి గుడి దగ్గర. మశూచి నుంచి పిల్లల్ని కాచే తల్లి. బౌద్ధులూ హిందువులూ ఒకే వరసలో నిలబడతారు. కాఠ్మండు లోయ స్థానికులైన నేవారీల్లో ఓ ముసలావిడ ఇత్తడి పళ్లెంలో బియ్యం, కుంకుమ, వత్తి సర్దుకుని, మనవడి నుదుట బొట్టు పెట్టి, మిగిలిన కుంకుమ తన పాపిట్లో అద్దుకుంది. "మన అమ్మోరే కదే!" అంది అమ్మ. మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ ఈ తల్లి గుడి, హారీతి పేరుతో, బయటపడింది.

దిగడానికి పడమటి దారి మేలు, మోకాళ్లకు సుఖం. కింద రింగ్ రోడ్డు పక్కన బుద్ధ పార్కు ఉంది. బౌద్ధులు కొలిచే అమితాభుడు, అవలోకితేశ్వరుడు, పద్మసంభవుడు, మూడూ భారీ బంగారు రంగు విగ్రహాలు. కొత్తవే. పిల్లలకు నచ్చుతాయి, పావుగంట చాలు. రోడ్డు దుమ్ము మాత్రం తప్పదు.